పక్కవాటాలో పోటు

ఏప్రిల్ 11

తమ్ముడికి,

అక్క దీవెనలు. ప్రస్తుతానికి సగమే. మిగతా సగం నీ జవాబు చదివాక ఇవ్వాలో వద్దో చూస్తాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నిన్నేది అడిగినా "సిగ్నల్ లేదక్కా" అంటావు. సిగ్నల్ లేనివాడివి మీ బావతో మాత్రం తెగ మాట్లాడతావు. నేను గదిలో అడుగు పెట్టగానే ఆయన "సరే మరి, ఉంటా" అని పెట్టేస్తారు. కాగితం మీదైతే నీళ్ళు నమలడం కుదరదు. అందుకని ఇకమీదట నాతో ఏం చెప్పినా రాసి చెప్పు.

ముందు ఊరి సంగతులు. తీరం ఆఫీసువాళ్ళు మన పల్లపు వీధులన్నింటిలో కరెంటు స్తంభాలకి నడుమెత్తున నీలం పట్టీ వేసిపోయారు. ఇంకొన్నేళ్ళకి పెద్ద పోటు రోజున సముద్రం అక్కడిదాకా వస్తుందట. డ్రైనేజీ గొట్టాలు సముద్రంలో కలిసేచోట ఇనప మూతలు బిగిస్తున్నారు. లోపలి నీళ్ళు బయటికి పోతాయి గానీ బయటివి లోపలికి రావట. ఆసుపత్రిలో జనరేటర్లు మేడ మీదికి ఎక్కించారు. ఒడ్డున ఉన్న బడిని మెరక పేటకి మార్చేస్తున్నారు. ఈ వీధిలో ఒక్క కుళాయి మార్చడానికి మనల్ని ఏళ్ళ తరబడి తిప్పినవాళ్ళు అడక్కుండానే ఇంత పని చేస్తున్నారంటే ఇందులో ఏదో మెలిక ఉంది. నీళ్ళొచ్చే ఇళ్ళేవో తెలుసుకుని వాటిని ఖాళీ చేయిస్తారని వీధంతా అనుకుంటున్నారు.

ఇక అసలు సంగతి. నీ వాటా ఎవరికైనా అద్దెకిచ్చావా? నిజం చెప్పు. నువ్వు తాళం వేసుకుని ఓడెక్కిన ఇంట్లోంచి చప్పుళ్ళు వస్తున్నాయి. మనిద్దరికీ మధ్య ఉన్నది ఒకటే గోడ, ఆ గోడకి ఆనించే నా ఇస్త్రీ బల్ల. మధ్యాహ్నంపూట ఏదో ఈడ్చిన చప్పుడు, బకెట్టు కింద పెట్టిన చప్పుడు వినిపిస్తున్నాయి. రోజూ రావు, కొన్ని రోజులు వరసగా వచ్చి మళ్ళీ ఆగిపోతాయి. మీ బావని అడిగితే "నీకు చెవుల్లో గాలి దూరింది" అన్నారు. ఈ నెలంతా ఆయనకి బోర్డులు రాసే పని ఒక్కటీ రాలేదు. అయినా గోళ్ళలో సున్నం ఉంటోంది.

నీ తాళంచెవి నీ దగ్గరే ఉందా?

మీ అక్క

*

ఏప్రిల్ 27

అక్కకి,

దణ్ణాలు పూర్తిగానే పెడుతున్నాను. నీలాగా సగం సగం ఇచ్చే అలవాటు నాకు లేదు.

అద్దె లేదు, గిద్దె లేదు. నీకు చెప్పకుండా ఆ పని చేస్తానా? ఆ చప్పుళ్ళు పందికొక్కులవి. వేసవిలో అవి నీళ్ళ కోసం తిరుగుతాయి, పాత సామాను ఈడుస్తాయి. తాళంచెవి నా పెట్టెలో భద్రంగా ఉంది. బావని అనుమానించకు. ఆయనలాంటి మనిషి ఎక్కడా దొరకడు.

ఇక్కడ మా పని మామూలే. మా ఓడ సముద్రం అడుగు నుంచి ఇసుక పీల్చి ఈ ఊరి ఒడ్డున పోస్తుంది. పోసినదాంట్లో చాలా భాగం సముద్రం మళ్ళీ పట్టుకుపోతుంది. మేం మళ్ళీ పోస్తాం. ఇంజను గదిలో వేడికి నా బనీను వంటి మీదే ఇస్త్రీ అయిపోతోంది.

ఆఫీసువాళ్ళు ఇంటికొచ్చి నీళ్ళ గురించి అడిగితే నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. చూడనిదాని జోలికి పోకు. నా వాటా తెరవమంటే మాత్రం నేను వచ్చాకే అని చెప్పు. నీ మాట ఎవరూ కాదనరు.

బావని అడిగానని చెప్పు. వద్దులే, నేనే చెప్తాను.

నీ తమ్ముడు

*

మే 15

తమ్ముడూ,

ఈసారి దీవెనలు లేవు, ఉట్టి పలకరింపే.

పందికొక్కులు దగ్గుతాయా? మొన్న గోడ అవతల ఎవరో దగ్గారు. నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చెవి ఆనించాను. గుడ్డ పిండిన చప్పుడు వినపడింది. పిండి ఆరేసుకునే పందికొక్కుని ఇంతవరకూ నేను చూడలేదు.

ఇంకొకటి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నువ్వు మీ బావని మెచ్చుకున్నది లేదు. మా పెళ్ళిలో ఆయన మీసం చూసి నవ్వినవాడివి. అలాంటివాడివి "ఎక్కడా దొరకడు" అంటున్నావంటే ఆయన ఎక్కడో దొరికిపోతారని నీకు భయంగా ఉందన్నమాట. ఆయన పంచె అంచు తడిసి వస్తోంది. అడిగితే ఒడ్డున నిలబడ్డానంటారు. ఒక మధ్యాహ్నం వెనకాలే వెళ్ళాను. టీ కొట్టు దాకా కనిపించి సందు మలుపులో మాయమయ్యారు. మూడో ఇంటి కుట్టుమిషన్ వదిన నన్ను చూసి "ఎవరి కోసం వెతుకుతున్నావు?" అని పెదవి బిగించి నవ్వింది. ఈ వయసులో నాకీ తలవంపులేమిటి? నీకు తెలిసిందేదో ఉంటే చెప్పరా, ఆడమనిషి సంగతే అయినా చెప్పు. తెలియకపోవడం కంటే అదే నయం.

నిన్న బళ్ళో మీటింగయింది. తీరం ఆఫీసు నుంచి కళ్ళజోడు ఇంజనీరమ్మ వచ్చింది. మన వీధి రోడ్డు నడుమెత్తు లేపుతారట. పోటు నీళ్ళు ఇళ్ళలోకి వస్తున్న వరసల్ని ముందు పట్టుకుని, ఇళ్ళకిళ్ళే జాకీలు పెట్టి రోడ్డుతో సమానంగా ఎత్తుతారట. డబ్బులు అక్కర్లేదట. ఊరికే అంటే ఎవరైనా నమ్ముతారా? అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

అప్పుడామె నన్నే అడిగింది. మన వరసలో అన్నిటికంటే పల్లం మన ఇల్లే కదా. "మీ ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్ళొచ్చాయా అమ్మా?" అంది. "చుక్క కూడా రాలేదు" అన్నాను. "పక్కవాటాలోకి?" అంది. "తాళం వేసి ఉంది, గోడకి చెమ్మ కూడా లేదు" అన్నాను. ఆమె అనుమానంగా చూసింది. నాకు ఒళ్ళు మండింది. వీధివాళ్ళంతా ఒక్కసారి లేచారు. "ఆవిడ అబద్ధం చెప్పదండీ. ఇస్త్రీకిచ్చిన చొక్కా జేబులో మరిచిపోయిన చిల్లర కూడా పొట్లం కట్టి ఇస్తుంది" అని మెకానిక్కు అరిచాడు. ఇంజనీరమ్మ సరేనంది. పల్లపు ఇంటికే రాలేదు కాబట్టి వరస మొత్తం పొడిదని తేల్చేసింది. కుట్టుమిషన్ వదిన నా చెయ్యి పట్టుకుని "మమ్మల్ని ఒడ్డున పడేశావు" అంది. గర్వంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు.

అక్క

*

మే 29

అక్కా,

నీ ఉత్తరం చదివి నా గుండె మీద బరువు దిగింది. చాలా మంచి పని చేశావు. ఇక ఆ ఆఫీసువాళ్ళు మన జోలికి రారు. నీ ఇల్లు నీది, నా ఇల్లు నాది, ఎవరూ ఖాళీ చేయించలేరు. నేను ఈ పని ముగించుకుని వచ్చి అక్కడే స్థిరపడతాను.

బావ విషయంలో ఆడమనిషీ లేదు, మగమనిషీ లేదు. నా మాట నమ్ము. దగ్గు సంగతి ఆయనతో మాట్లాడతాను. అంటే, దగ్గు మందు వాడమని చెప్తాను.

నీ తమ్ముడు

*

జూన్ 20

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రాశావు. ఎవరి దగ్గుకిరా మందు?

పిలుపు కూడా రాయబుద్ధి కాలేదు. అయినా వరసగా చెప్తాను. నేను చూసింది చూసినట్టు చెప్పమన్నావు కదా.

వెనక వీధిలో ఇళ్ళు ఎత్తడం మొదలుపెట్టారు. చూసి వద్దామని వెళ్ళాను. ఇంటి కింద చుట్టూ తవ్వి, ఇనప దూలాలు దూర్చి, లారీ టైరు మార్చేటప్పుడు పెట్టేలాంటి జాకీలు వరసగా పెట్టారు. ఒకతను ఈల వేస్తాడు. అందరూ ఒకేసారి పావు చుట్టు తిప్పుతారు, ఆగుతారు. మళ్ళీ ఈల. లోపల ఇల్లాలు స్టవ్వు మీద పాలు కాచుకుంటోంది. గిన్నెలో పాలు తొణకలేదు. "ఒక్క రూపాయి అడగలేదక్కా, మొదట మేమూ నమ్మలేదు" అంది. ఖాళీ చేయించినవాళ్ళు ఎవరూ లేరు. నీళ్ళొచ్చాయని చెప్పిన ప్రతి ఇల్లూ లేస్తోంది.

మన వీధికి రోడ్డు ఒక్కటే లేపుతారు. పొడి ఇళ్ళని ఎత్తరట, గుమ్మం ముందు దిగడానికి మెట్లు కట్టి ఇంటికో పంపు ఇస్తారట. అంటే రోడ్డు పైన, మనం గుంటలో. ఊళ్ళో నీళ్ళన్నీ మన వరసలోకే దిగుతాయి. ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచన. పోనీలే, ఎన్నడూ నీళ్ళు రాని ఇళ్ళు కదా అని సరిపెట్టుకున్నాను.

వచ్చేసరికి గోడ అవతల చప్పుడు. ఈసారి చెవి ఆనించలేదు. చీపురు పట్టుకుని వెనక సందులోంచి వెళ్ళాను. నీ పెరటి తలుపు ఓరగా వేసుంది. తోశాను. మీ బావ పంచె పైకి కట్టి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ పేలిపోతోంది, నీ గదిలో చీలమండల్లోతు నీళ్ళు. నేల పగుళ్ళలోంచి ఊరుతున్నాయి. ఆయన గుడ్డతో అద్ది బకెట్లో పిండుతున్నారు. మూల సున్నం డబ్బా, కుంచె. పోటు దిగాక గోడ మీద చార కనపడకుండా కడిగి సున్నం వేస్తారట. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా తడిగుడ్డ వెనక్కి దాచుకున్నారు. తర్వాత "మీ తమ్ముడే చెప్పొద్దన్నాడు" అన్నారు.

నీ పెట్టెలో భద్రంగా ఉన్న తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడుతోంది.

ఎందుకని అడిగాను. నీళ్ళొస్తున్నాయని తెలిస్తే ఇల్లు పోతుందని నువ్వన్నావట. నాకెందుకు చెప్పలేదంటే "నీకు అబద్ధం చెప్పడం రాదు కదా, అందుకని" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నా మాట మీద ఊరికున్న నమ్మకం తప్ప నాకు వేరే ఆస్తి లేదు. దాన్ని మీరిద్దరూ కలిసి నాకు తెలియకుండా వాడుకున్నారు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే విన్నాను గానీ, ఇంత నిజంగా తడిగుడ్డతోనే కోస్తారనుకోలేదు.

నా మాట మీద వరస మొత్తం పొడిదైపోయిందిరా. వాళ్ళకి నేనేం చెప్పను?

*

జూలై 4

అక్కా,

తిట్టు. పడతాను. కానీ నా మాట కూడా విను.

మేం ఇసుక పోస్తున్న ఈ ఊళ్ళో ఒడ్డు పక్కన మన వీధిలాంటిదే ఒకటి ఉండేది. నీళ్ళొస్తున్నాయని వాళ్ళే వెళ్ళి చెప్పుకున్నారు. ఆర్నెల్లలో ఆ వీధి లేదు. అక్కడిప్పుడు గోడ ఉంది. ఆ మనుషులు ఎక్కడికి పోయారో అడిగితే చెప్పేవాడు లేడు. అది కళ్ళారా చూసినవాణ్ణి, మన ఊళ్ళో ఆఫీసు వేరేగా ఉంటుందని ఎలా నమ్మను? నా వాటా నేల పల్లం. ముందు దాంట్లోకే వస్తాయి. అది పోతే దాన్ని ఆనుకున్న నీదీ పోతుంది. బావకి ఫోన్ చేసి బతిమాలాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "మీ అక్కకి తెలిస్తే నన్ను ఇస్త్రీ చేస్తుంది" అన్నాడు. నీ ఇల్లు కాపాడుకోవాలనే ఒప్పుకున్నాడు. నడుం నొప్పితో బకెట్లు మోశాడు.

ఇప్పుడొక దారి ఉంది. వీధిలో ఎవరికీ చెప్పకు. నేరుగా ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్ళి, ఈ పున్నమికే మొదటిసారి నీళ్ళొచ్చాయని చెప్పు. నీ మాట నమ్ముతుంది. ఎవరి పరువూ పోదు.

నీ తమ్ముడు

*

జూలై 17

తమ్ముడికి,

నన్ను అబద్ధం ఆడించింది చాలక, ఇప్పుడు తెలిసి ఆడమంటున్నావు. ఆడలేదు.

ఇంటింటికీ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. మీ బావ నా వెనకే తల దించుకుని వచ్చారు. ఎవరూ నమ్మలేదు. కుట్టుమిషన్ వదిన ఏమందో తెలుసా? "వెనక వీధిలో ఊరికే ఎత్తుతున్నారని తెలిశాక మీ ఇంట్లోకి నీళ్ళొచ్చాయా?" అంది. మెకానిక్కు "అప్పుడు అబద్ధమాడావో ఇప్పుడు ఆడుతున్నావో నువ్వే తేల్చుకో అక్కా" అన్నాడు. నిజమే, రెంటిలో ఒకటి అబద్ధమే కదా.

ఇంజనీరమ్మ వచ్చి నీ గది చూసింది. పోటు దిగిపోయి ఉంది. తెల్లగా మెరిసిపోతున్న గోడలు, తుడిచిన నేల. మీ బావ పనితనం అంత గొప్పది. "కొత్త సున్నం తప్ప ఏమీ లేదమ్మా, నేనేమని రాయను?" అంది. జాకీలు ఇంకో పేటకి వెళ్ళిపోయే రోజు దగ్గరికొచ్చిందట. నీళ్ళకి అందకుండా నీ మంచం కోళ్ళ కింద మీ బావ పెట్టిన ఇటుకలు చూపించాను. "ఇవి నిన్న కూడా పెట్టి ఉండొచ్చు" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఇన్నాళ్ళూ అందరినీ అనుమానించినదాన్ని నేను. ఇప్పుడు వీధి అంతా నన్ను చూస్తున్న చూపు నాకు బాగా తెలిసిన చూపే.

అక్క

*

జూలై 28

అక్కా,

ఇది త్వరగా అందాలని సరుకుల పడవలో పంపుతున్నాను.

వచ్చే పున్నమి పోటుకి బావని బకెట్టు ముట్టుకోనివ్వకు. తలుపులు రెండూ బార్లా తీయండి. పోటు రాకముందే అందరినీ పిలిచి గదిలో కూర్చోబెట్టండి, ఇంజనీరమ్మని కూడా. నా సామాను ఏదీ తీయొద్దు. ఇన్నాళ్ళూ బావ మంచం మీదికి ఎత్తిపెట్టే బట్టల పెట్టె, హార్మోనియం కిందికి దించండి, పరుపుతో సహా అన్నీ ఎక్కడివక్కడే ఉండాలి. ఒక్కటి తీసినా ముందే సర్దుకుని నాటకమాడారంటారు. ఇటుకలు తీసెయ్యండి.

ఆ హార్మోనియం తిత్తి తడిస్తే ఇక పలకదని నాకు తెలుసు. ఉండనీ.

తప్పు నాది. క్షమించమని అడిగే మొహం లేదు.

నీ తమ్ముడు

*

ఆగస్టు 14

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాం.

మిట్టమధ్యాహ్నం అందరూ వచ్చారు. నేను కుర్చీలు వేశాను. మా ఇంట్లోవి చాలక మెకానిక్కు తన షాపులోంచి స్టూళ్ళు తెచ్చాడు. ఇంజనీరమ్మ గడప మీద కూర్చుంది. చాలాసేపు ఏమీ రాలేదు. ఒకరు ఆవులించారు, ఒకరు ఫోను చూసుకున్నారు. పున్నమి పున్నమికీ వచ్చే పోటు ఇవాళే మానేస్తుందేమోనని వంగి వంగి పగుళ్ళు చూశాను. ఇంట్లోకి నీళ్ళు రావాలని మనసులో మొక్కుకున్నదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తర్వాత పగుళ్ళలో చెమ్మ మెరిసింది. నేల నల్లబడింది. చూస్తుండగానే చెప్పులు తడిశాయి, అందరూ కాళ్ళు పైకి పెట్టుకున్నారు. నీ బట్టల పెట్టె అడుగు తడిసింది. మీ బావ అలవాటుకొద్దీ బకెట్టు కోసం లేచారు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. హార్మోనియంలోకి నీళ్ళు వెళుతుంటే లోపల్నించి చిన్న బుడగలు వచ్చాయి. ఆయన అటు చూడలేక గోడవైపు తిరిగారు. నేను మాత్రం చూశాను. నీ వస్తువు పాడవుతుంటే మనవాళ్ళు ఒకరైనా చూడాలనిపించింది.

అప్పుడు కుట్టుమిషన్ వదిన కుర్చీలోంచి వంగింది. వేలు ముంచి నాలుకకి రాసుకుంది. పంపు నీళ్ళు వదిలామేమోనని చూసిందిరా. "ఉప్పే" అంది మిగతావాళ్ళతో. నాతో కాదు. ఇంజనీరమ్మ గోడ మీద నీళ్ళున్నంత మేర గీత గీసి, వరస మొత్తాన్ని ఎత్తాల్సిన ఇళ్ళలో చేర్చింది. తుఫానుల కాలం దాటాక జాకీలు వస్తాయి. ఈలోగా వచ్చే పోట్లకి వీధివాళ్ళే వంతులవారీగా నీళ్ళు తోడాలని అనుకున్నారు. మీ బావ అందరికీ గుడ్డ ఎలా పిండాలో నేర్పుతున్నారు.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. కానీ తలుపులు తీయమన్నది నువ్వే, అది మరిచిపోను. జాకీలు పెట్టే రోజుకి నువ్విక్కడ ఉండాలి. నీ వాటా, నా వాటా కలిసే లేవాలట. ఒకటి ముందూ ఒకటి వెనకా అయితే మధ్యగోడ చీలుతుందని చెప్పారు.

ఇల్లు దక్కింది. సంతోషమే. పొద్దున్న కుట్టుమిషన్ వదిన ఇస్త్రీ బట్టల కోసం వచ్చింది. ఇన్నేళ్ళూ మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయే మనిషి, ఇవాళ నా గుమ్మంలోనే కూర్చుని మూట విప్పింది. ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టుకుంది. నేను ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడ్డాను.

అన్నీ సరిపోయాయి.

మీ అక్క